పంతొమ్మిది తర్వాత

నైట్ డ్యూటీ చేసి వచ్చిన జైలు వార్డర్‌కి పట్టపగలే రాత్రి. ముత్తంగిలో మా కిరాయి ఇంటి వెనక గదిలో, కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాన్ వేసుకుని పడుకుంటాను. రింగు రోడ్డు మీద లారీల మోత, గాలి మళ్లితే కంపెనీల రసాయనాల కంపు... ఇరవై రెండేళ్లుగా ఇవేవీ నా నిద్ర చెడగొట్టలేదు. మొద్దు నిద్ర నాది. మా ఆవిడ వనజ అది చెప్పి చెప్పి నవ్వేది.

ఇప్పుడు నవ్వడం లేదు.

నెల కిందట పాండు అనే రిమాండు ఖైదీ అన్నం పళ్లెం నా మొహాన విసిరాడు. బెయిలు రాలేదన్న కోపం వాడిది. నాకూ వచ్చింది కోపం. లాఠీ తీశాను. దెబ్బలు లెక్కపెట్టుకుంటే స్పృహ తప్పదని పాత ఖైదీలు కొత్తవాళ్లకు చెబుతుంటారు. పాండు గట్టిగా లెక్కపెట్టాడు. పంతొమ్మిది దగ్గర వాడి గొంతు ఆగింది. నా చెయ్యి ఆగలేదు. వాడి ఒంట్లో ఏదో విరిగిన చప్పుడు కూడా విన్నాను. తోటి వార్డర్ త్రినాథరావు వచ్చి పట్టుకునేదాకా కొడుతూనే ఉన్నాను. తెల్లారేసరికి పాండు చచ్చిపోయాడు. అబద్ధమెందుకు, జాలి కంటే ముందు నా ఉద్యోగం గురించే భయపడ్డాను.

కొన్నాళ్లకు, సిబ్బంది మానసిక ఆరోగ్యమని ఒక డాక్టరమ్మను పిలిపించారు. "నిద్ర పట్టనివాళ్లు చెయ్యెత్తండి" అందామె. నా చెయ్యి లేచింది. త్రినాథరావు దాన్ని కిందికి లాగేశాడు.

"దించు బాలప్పా! పిచ్చోడని రాసేస్తారు. ఎందుకు పట్టట్లేదని అడిగితే ఏం చెబుతావ్?" అన్నాడు గుసగుసగా.

దించేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎలాగో కునుకు పట్టింది. చెవి పక్కనే ఎవరో అన్నారు...

"ఇరవై."

నా చెయ్యి దానంతటదే లేచి పడింది. కళ్లు తెరిచేసరికి పిడికిలి దిండులో దిగబడి ఉంది. జానెడు దూరంలో మా పుష్ప తల. మూడో తరగతి పిల్ల, ఎప్పుడొచ్చి నా పక్కన పడుకుందో తెలియదు. పిల్లను ఎత్తుకెళ్లి ముందు గదిలో పడుకోబెట్టాను.

"ఇగ నేను పండుకున్నంక బయటికెల్లి తాళమెయ్యి" అన్నాను వనజతో. "లాఠీ గూడ యాడన్న దాచిపెట్టు. ఎంత మొత్తుకున్నా తలుపు తియ్యకు."

"గిదేం పరేషానయ్యా! దవాఖానకు పోదాం పా."

"పోతే నౌకరి పోతది. జెర పిల్ల సంగతి సూడు ముందు."

సోమవారం పుష్ప బడికి పోయింది. వనజ తాళం వేసింది. పిల్ల ఇంట్లో లేదు, తలుపు మూసి ఉంది. నెల తర్వాత మొదటిసారి నిశ్చింతగా కళ్లు మూశాను.

ఫ్యాన్ ఆగింది. కరెంటు పోయినట్టుంది. గదంతా చీకటి. రసాయనాల కంపు... కాదు. పాసిపోయిన అన్నం వాసన. దాని వెనకే నెత్తురు వాసన.

మూలన ఎవరో ముడుచుకుని ఉన్నారు.

"ఇరవై ఒకటి..."

నా చేతిలో లాఠీ ఉంది. వనజ దాచిన లాఠీ. ఎలా వచ్చింది...? వద్దు అనుకున్నాను. చెయ్యి వినలేదు. దెబ్బ మెత్తగా మాంసం మీద పడింది. వాడు అరవలేదు. లెక్కపెట్టాడు, అంతే.

"ఇరవై రెండు... ఇరవై మూడు..."

"ఆపురా!" ఏడుస్తూ కొట్టాను. మొహం మీద వెచ్చగా చిందింది. మళ్లీ కొట్టాను. ఇరవై ఏడు. అక్కడ గొంతు ఆగింది. ఈసారి చెయ్యి కూడా ఆగింది.

నాలుగు గంటలకు వనజ తలుపు తీసింది. మూలన ఎవరూ లేరు. గోడ మీద, నా ఒంటి మీద నెత్తుటి చుక్క లేదు. చేతులు ఖాళీ.

"లాఠీ ఏది?"

"డాబా మీద ట్యాంకు ఎనక ఉన్నది. ఎవ్వలు ముట్టలే."

పిచ్చి కల. హాయిగా నవ్వొచ్చింది నాకు.

అప్పుడే బడి ఆటో దిగి పుష్ప వచ్చింది. బాగా వాడిపోయి ఉంది. యూనిఫాం విప్పబోయి వనజ కెవ్వుమంది. పిల్ల వీపంతా వాతలు. ఎర్రగా, లాఠీ మందాన.

"ఎవలు కొట్టిండ్రు బిడ్డా? టీచరా?"

పుష్ప వాళ్లమ్మ వైపు చూడలేదు. నా ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడింది.

"ఎవ్వలు కొట్టలే సార్. బాత్‌రూంల జారి పడ్డ."

పాండు ఎలా చచ్చాడని పైవాళ్లు అడిగితే నేను రాసిచ్చిన కాగితంలో ఉన్నది ఈ మాటే. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.