అంచనాకి నాలుగు దశాంశాలు

టాస్మేనియాలోని హోబార్ట్ శనివారం సంతలో మొరాగ్ పెండిల్‌బరీ తేనె అమ్ముతోంది. అది వేషం. "లెదర్‌వుడ్ తేనె మిగిలిందా?" అని అడిగినవాడికి కబురు చేరవేయడం అసలు పని. వాడొచ్చాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట అడిగాడు. సైలెన్సర్ ఉన్న పిస్టల్‌తో ఆమెని రెండుసార్లు కాల్చి చంపి, తినుబండారాల కోసం నిలబడ్డ క్యూలో కలిసిపోయాడు.

అదే సమయానికి రేవు దగ్గర ఆమె భర్త కెరన్‌ని ఎవరో వ్యాన్‌లోకి లాక్కెళ్లిపోయారు. అతనూ ఏజెంటే.

ఏజెంట్ లీత్ ఆ రెండు కబుర్లూ ఒకే ఫోన్‌లో విన్నాడు. ఆ ఇద్దరి పెళ్లికి సాక్షి సంతకం చేసింది అతనే. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక చిగుళ్లలా మనసంతా మొద్దుబారిపోయింది, అంతే.

"ఓదార్పులు తర్వాత," అంది చీఫ్ మోయిరా ట్రాంటర్. "కెరన్ కోటు గుండీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఒకే ఒక్కసారి కూసింది. మూడు టవర్లు విన్నాయి. మధ్యాహ్నానికల్లా వాణ్ణి పరాయి ఓడ ఎక్కించేస్తారు. మనవాళ్లందరి పేర్లూ వాడి బుర్రలో ఉన్నాయి. చేతిలో ఉన్నది ఒక్క లాంచ్. ఎటు పంపను?"

ఆ కూత ఒక్కో టవర్‌కి ఎంత టైము తేడాతో చేరిందో చూస్తే రెండు సమీకరణాలు వస్తాయి. వర్గాలూ వర్గమూలాలూ నిండిన వంకర సమీకరణాలు. చేత్తో చేస్తే ప్రాణం పోతుంది, సాఫ్ట్‌వేర్‌కి చిటికెలో పని. కాకపోతే దానికి మొదట ఒక అంచనా ఇవ్వాలి. అక్కణ్ణించి అది తడుముకుంటూ పోయి జవాబు పట్టుకుంటుంది.

కంప్యూటర్ ముందు డాక్టర్ ఇల్సా వార్గా కూర్చుంది. ఎర్ర కోటు, ముత్యాల దుద్దులు, ఆఫీసంతా తలతిప్పి చూసే నవ్వు. ఎంటర్ నొక్కింది.

"దొరికాడు. నది ఎగువన, బ్రిడ్జ్‌వాటర్ దగ్గర పాత షెడ్డు. సమీకరణాలకి సరిగ్గా సరిపోయింది, తేడా సున్నా."

మోయిరా లాంచ్‌కి ఫోన్ కలుపుతోంది. లీత్ తెర వంకే చూస్తున్నాడు. ఇంకెటు చూడాలో తోచక.

"ఒక్క నిమిషం మేడమ్. ఇల్సా, ఆ అంచనా ఏంటి?"

"అంచనా అంటే అంచనా! ఏదో ఒకటి వేశాను."

"ఏదో ఒకటికి నాలుగు దశాంశాలా తల్లీ?"

నది సముద్రంలో కలిసేచోట ఐరన్ పాట్ దీపస్తంభం ఉంది. ఆఫీసు మ్యాపులో అదే సున్నా, సున్నా. ఎవరు లెక్క మొదలెట్టినా రెండు సున్నాలు కొట్టి ఎంటర్ నొక్కడం ఇక్కడి ఆచారం. లీత్ వంగి అదే చేశాడు. అడ్వెంచర్ బే అవతల, నడిసముద్రం చూపించింది. అక్కడా తేడా సున్నాయే.

"రెండు జవాబులా?" మోయిరా ఫోన్ దించేసింది.

"వంకర గీతలు మేడమ్, రెండుచోట్ల కలుస్తాయి. లెక్కకి రెండూ నిజమే. ఇది మాత్రం ఒకటి చూపించి ఊరుకుంటుంది."

"మరి కెరన్ ఎక్కడ?"

"సముద్రంలో. సున్నాల నుంచి వెళ్తే అటే పోతుందని ఇల్సాకి తెలుసు. షెడ్డు తేలాలంటే షెడ్డు పక్కనే మొదలెట్టాలి. జవాబు రాకముందే ఆవిడకి షెడ్డు ఎక్కడుందో ఎలా తెలుసు? లాంచ్‌ని తప్పుదారి పట్టించాలనే ఆ రెండో జవాబు ముందే వెతికి పెట్టుకుంది."

ఇల్సా నిట్టూర్చింది. "లెక్క ఎక్కడ సముద్రం వైపు జారిపోతుందోనని మరీ జాగ్రత్తపడ్డాను. పాడు అలవాటు." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. అది లిప్‌స్టిక్ కాదు. లీత్ ఆమె మణికట్టు పట్టి పైకెత్తాడు. తూటా సీలింగ్‌లో దిగబడింది. అతనికి భయం కూడా వెయ్యలేదు. అసలు అదే భయం వెయ్యాల్సిన విషయం.

అడ్వెంచర్ బే అవతల క్రేఫిష్ అనే పెద్ద రొయ్యలు పట్టే పడవ ఒకటి ఆగి ఉంది. పరాయి ఓడ నుంచి దానికి తాడు విసిరారు. సరిగ్గా అప్పుడు మత్స్యశాఖ జాకెట్ వేసుకుని, కొలబద్ద చేతపట్టుకుని లీత్ లాంచ్ తాలూకు చిన్న బోటులోంచి పడవలోకి దూకాడు.

"ఇన్‌స్పెక్షన్! సైజు తక్కువవి ఎన్ని పట్టార్రా?"

టాస్మేనియాలో పోలీసులకి బెదరని పడవవాడు కూడా ఆ కొలబద్దకి బెదురుతాడు. సరంగు ఠక్కున బుట్ట ముందు అడ్డంగా నిలబడ్డాడు. మిగతావాళ్లు బుట్టలోవి గబగబా సముద్రంలోకి విసరసాగారు. ఆ గందరగోళంలో లీత్ తాడు తెంపేశాడు. వెనకే లాంచ్ వచ్చి పడింది. ఓడ తనకేమీ తెలియనట్టు వెళ్లిపోయింది.

అడుగు గదిలో వలల కింద కెరన్ బతికే ఉన్నాడు. పెదాలు చలికి నీలంగా మారాయి.

"ఎంతసేపురా నాయనా! మొరాగ్‌కి చెప్పావా, దొరికానని? కంగారుపడి చస్తూ ఉంటుంది."

లీత్ కట్లు విప్పుతూనే ఉన్నాడు. చివరి ముడి ఎంతకీ రాలేదు.

"ముందు వేడిగా టీ తాగు," అన్నాడు.

పడవలో టీ లేదు.