సీలు తీయని మాస్కు

చనిపోయిన మనిషి ముఖానికి మాస్కు సరిగ్గానే ఉంది. పట్టీలు బిగించి ఉన్నాయి. కళ్ళ ముందున్న అద్దం మీద గీత కూడా పడలేదు. క్లోరిన్ నింపే గదిలో, వాల్వు చక్రం మీద చెయ్యి వేసి, మోకాళ్ళ మీద కూలబడి దొరికాడు. ఫ్యాక్టరీ వాళ్ళ లెక్కలో అతను కొత్తగా చేరిన ఆపరేటర్. ఏదో అజాగ్రత్తగా పనిచేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని రిపోర్టు రాసేశారు. అతను గూఢచారి శాఖ ఏజెంటని తెలిసిన కొద్దిమంది ఆ రిపోర్టు చదివి నోరు మెదపలేదు.

"మీ బ్యాచ్ వాడే," అని చీఫ్ ఫొటోను బల్ల మీద ముందుకు జరిపాడు.

పిల్లి ఆ ఫొటోని ముట్టుకోలేదు. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించదని శాఖలో అతనికి ఆ పేరు పెట్టారు. ఫొటోలోని మనిషీ అతనూ ట్రైనింగ్ రోజుల్లో ఒకే గదిలో ఉన్నారు, ఒకరి చొక్కా ఒకరు తొడుక్కుని తిరిగారు. ఏడుపు వచ్చింది. చీఫ్ ఎదుట ఏడ్చే అలవాటు ఆ శాఖలో ఎవరికీ లేదు కాబట్టి మింగేశాడు.

"దేశంలో సగం ఊళ్ళ కుళాయి నీళ్ళు శుభ్రం చేసే క్లోరిన్ ఆ ఒక్క ఫ్యాక్టరీలోనే తయారవుతుంది," అన్నాడు చీఫ్. "అది మూతపడితే సరుకు విదేశం నుంచి తెప్పించుకోవాలి. అక్కడొక ముఠా గోడౌన్లు నింపుకుని కూర్చుంది. దాని నాయకుణ్ణి డాక్టర్ అంటారు. మొహం ఎవరూ చూడలేదు. ఫ్యాక్టరీలో పెద్ద ప్రమాదం జరిపించాలని ప్లాన్. ఎలాగన్నది మీవాడు కనిపెట్టేలోపే పోయాడు."

"లోపల మనకెవరైనా ఉన్నారా సార్?"

"ఒకావిడ ఉంది. ఫ్యాక్టరీకి మాస్కులు సప్లై చేసే కంపెనీ ప్రతినిధి. ముఠాలో ఉంటూ మనకి సమాచారం ఇస్తోంది. కోడ్ నేమ్ మేఘం. నువ్వు గొడుగు మర్చిపోయానంటావు. ఆవిడ ఎండ కాస్తోంది కదా అంటుంది."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే ట్రాన్స్‌మిటర్. మారువేషాల విభాగం వాళ్ళు సగం రోజు కూర్చుని బంకతో ఒక్కొక్క వెంట్రుకా అతికించి, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనంత ఒత్తైన గడ్డం పెట్టారు.

ఆ గడ్డం ఫ్యాక్టరీ గేటు దాటి పది అడుగులు కూడా వెళ్ళలేకపోయింది.

"తీసేసి రా," అంది షిఫ్ట్ ఇన్‌ఛార్జి. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన మనిషి. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆవిడని పెద్దక్క అనే పిలుస్తారు.

"ఎందుకండీ?"

"మాస్కు ముఖానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే ఆ సందుల్లోంచి గ్యాస్ దూరుతుంది. నీ గడ్డం మీద నాకేం కోపం లేదు బాబూ, నీ ఊపిరితిత్తుల మీద జాలి."

పిల్లి బాత్రూములోకి వెళ్ళి సగం రోజు కష్టాన్ని ఒక్క లాగు లాగాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. నున్నటి చెంపలతో వెంటనే తిరిగి వచ్చిన మనిషిని పెద్దక్క ఎగాదిగా చూసింది.

"బ్లేడు కొత్తదండీ," అన్నాడు.

ఆవిడ అతనికి మాస్కు తొడిగి, ఒక చిన్న సీసా మూత తీసి ముఖం చుట్టూ తిప్పింది. ఏమైనా వాసన వస్తోందా అని అడిగింది. రావట్లేదన్నాడు. మాస్కు తీయమంది. తీసేసరికి గదంతా మగ్గిన అరటిపండు వాసన.

"ఇది పరీక్ష. లోపలికి ఏ వాసనా రాకూడదు. వచ్చిందంటే రెండే కారణాలు. మాస్కు ముఖానికి సరిగా పట్టలేదు, లేదా డబ్బాలో మందు అయిపోయింది. పట్టిందో లేదో తెలియాలంటే డబ్బాకి అరచెయ్యి అడ్డం పెట్టి ఊపిరి లాగు. మాస్కు ముఖానికి పీల్చుకుపోతే పట్టినట్టే."

మాస్కు మూతికి బిగించే గుండ్రటి ఫిల్టర్‌ని అక్కడ అందరూ డబ్బా అంటారు. పరీక్షకి వాడింది పాత డబ్బా. కొత్తవన్నీ స్టోర్స్‌లో ఎర్ర అలమారలో సీలుతో మెరుస్తున్నాయి.

"వాటి జోలికి వెళ్ళకు. సీలు తీసిన రోజు నుంచే మందు నీరసిస్తుంది. అసలు ప్రమాదం వచ్చినప్పుడు వాడటానికి దాచినవి. ఇంకో సంగతి. గ్యాస్ బాగా కమ్మేసినప్పుడు డబ్బా మాస్కు సరిపోదు. వీపుకి తగిలించుకునే గాలి సిలిండర్ సెట్లు అవిగో, గోడకున్నాయి. ముందు వాటినే అందుకోవాలి."

"అవి తగిలించుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందమ్మాయ్," అన్నాడు పక్కనే స్పానర్ తుడుచుకుంటున్న ఫిట్టర్. అందరికీ బాబాయ్. "డబ్బా అయితే టోపీ పెట్టుకున్నంత పని."

"అందుకే బాబాయ్, నీకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది."

బాబాయ్ నవ్వాడు. మధ్యాహ్నం కొత్తవాడు ఒంటరిగా కూర్చోవడం చూసి తన టిఫిన్ క్యారియర్ తెచ్చి మధ్యలో పెట్టాడు. "మీ పిన్ని నన్నింకా పాతికేళ్ళ కుర్రాణ్ణనుకుని కడుతుంది. సగం నువ్వు తినకపోతే నేను తిట్లు తినాలి," అన్నాడు. పిల్లి చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నాడు.

తిన్నాక చెయ్యి కడుక్కుని, ఎవరూ చూడకుండా స్టోర్స్‌లోకి జారుకున్నాడు. రిపోర్టు ప్రకారం చనిపోయిన స్నేహితుడి మాస్కుకి ఉన్నది కొత్త డబ్బా. పిల్లి బుర్రని తొలుస్తున్నది అదే. ఎర్ర అలమారలోంచి ఒక డబ్బా తీసి, సీలు చింపి, మాస్కుకి బిగించి తొడుక్కున్నాడు.

వెనక తలుపు తెరుచుకుంది. చేతిలో ఖరీదైన హ్యాండ్‌బ్యాగ్, మెడలో మాస్కుల కంపెనీ బ్యాడ్జి, పెదవుల మీద ఎర్రటి లిప్‌స్టిక్, ఆ దుమ్ము గదిలో సినిమా పోస్టర్ చింపుకుని వచ్చినట్టున్న మనిషి. ఆవిడ ఇంకా గుమ్మంలో ఉండగానే సంపంగి సెంటు వాసన గుప్పుమంది.

పిల్లి ఇంకోసారి ఊపిరి పీల్చి చూశాడు. మాస్కు లోపలికి సెంటు వాసన ఎలా వస్తుంది?

డబ్బాకి అరచెయ్యి అడ్డం పెట్టి ఊపిరి లాగాడు. మాస్కు చెంపలకి పీల్చుకుపోయింది. పట్టు సరిగ్గానే ఉంది. అంటే లోపం డబ్బాలో ఉంది. ఆ డబ్బాలన్నీ సప్లై చేసింది ఎదురుగా నవ్వుతూ నిలబడ్డ ఈవిడే.

మాస్కు తీసి, ముఖంలో ఏమీ కనిపించకుండా, "గొడుగు మర్చిపోయాను," అన్నాడు.

"ఎండ కాస్తోంది కదా," అందావిడ. "మీ ఫ్రెండ్ విషయం విని చాలా బాధపడ్డాను. రేపు డాక్టర్ విదేశీ అతిథిలా ఇక్కడికే వస్తున్నాడు. అంతవరకు మీరు కదలకండి, మెదలకండి."

"మీరెలా చెబితే అలాగే మేడమ్."

ఆవిడ వెళ్ళాక డబ్బా కోసి చూశాడు. గ్యాస్‌ని పీల్చుకునే బొగ్గు ఉండాల్సిన చోట నల్లరంగు వేసిన రంపపు పొట్టు ఉంది. ఇంకో డబ్బా కోశాడు. అందులోనూ అదే. ముఠా ఎత్తు అప్పుడర్థమైంది. సీలు చూసి మంచిదని నమ్మేవాళ్ళు, అసలు ప్రమాదం వచ్చేదాకా సీలు తీయని వాళ్ళు ఇక్కడున్నారు. గ్యాస్ వదిలితే చాలు. ఆపడానికి పరిగెత్తిన వాళ్ళు ముందు చస్తారు, తర్వాత ఆపేవాడుండడు. గోడకవతల కాలనీలో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు స్టోర్స్ దాకా వినిపిస్తోంది.

పెన్ను మూత తిప్పాడు. "సార్, మేఘం డబుల్ ఏజెంట్. మాస్కులన్నీ ఉత్తవి. ఇప్పుడే ఇన్‌ఛార్జికి చెప్పేస్తాను."

"చెప్పకు." చీఫ్ గొంతు చల్లగా ఉంది. "డబ్బాలు మారిస్తే ఆవిడకి తెలిసిపోతుంది. డాక్టర్ రాడు. ఒక్క రోజు ఓపిక పట్టు."

"ఈలోగా గ్యాస్ వదిలితే?"

"డాక్టర్ లోపల ఉండగా వదులుతారా? కాస్త బుర్ర వాడు. ఇది ఆర్డర్."

పిల్లి ఆర్డర్ పాటించాడు. జీవితమంతా చేసిన పని అదే. మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ మళ్ళీ క్యారియర్ విప్పాడు. "ఏంట్రా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు పొద్దుట్నుంచీ?" అన్నాడు. తన పేరు ఎలా తెలిసిందా అని పిల్లి ఒక్క క్షణం ఉలిక్కిపడి, మామూలు మాటేనని గ్రహించి తల దించుకున్నాడు. తింటూనే ఉన్నాడు. బాబాయ్, నువ్వా డబ్బా ముట్టుకోకు. ఆ ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

డాక్టర్ కారు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. దాని వెంటనే నింపే గదిలో 'తప్' మని చిన్న పేలుడు. సైరన్ మోగింది. కప్పు మీద గాలివాటం చూపించే గుడ్డసంచి కాలనీ వైపు తిరిగి ఉంది. నేలని పాకుతూ పచ్చని పొగ బయటికి వస్తోంది.

మనుషులు ఎర్ర అలమార వైపు పరిగెత్తుతున్నారు. పిల్లి కంట్రోల్ రూమ్‌లోని మైకు కోసం ఎదురు దిక్కుకి పరిగెత్తాడు. వరండా మలుపులో మేడమ్ నిలబడి ఉంది. ముఖానికి మాస్కు, చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. ఆవిడ మాస్కు డబ్బాలో మాత్రం బొగ్గే ఉండి ఉంటుంది.

"కదలొద్దని చెప్పాను కదా," అంది.

ఆవిడ నిలబడ్డది సేఫ్టీ షవర్ కింద. ఒంటి మీద ఆసిడ్ పడితే వెంటనే కడుక్కోవడానికి పెట్టిన షవర్ అది. గోడ పక్కన వేలాడుతున్న గొలుసుని పిల్లి ఒక్క గుంజు గుంజాడు. కాలువ తెగినట్టు నీళ్ళు ఆవిడ నెత్తి మీద కూలాయి. పిస్టల్ పేలింది, గుండు కప్పుకి తగిలింది. రెండో గుండుకి ముందే పిస్టల్ అతని చేతిలో ఉంది, ఆవిడ పక్క గదిలో ఉంది, తలుపుకి గడియ పడింది.

కంట్రోల్ రూమ్‌లోకి దూకి మైకు అందుకున్నాడు. "మాస్కులు పనిచేయవు. డబ్బాల్లో మందు లేదు. ఎవరూ లోపలికి వెళ్ళొద్దు. గాలికి అడ్డంగా పరిగెత్తండి, ఎత్తు మీదికి వెళ్ళండి. కాలనీ వాళ్ళు మేడలెక్కండి."

నింపే గది గుమ్మంలో మాస్కులు తొడుక్కున్న వాళ్ళు ఆగిపోయారు. ఒక్కరు తప్ప. బాబాయ్ అప్పటికే లోపలికి వెళ్ళాడు.

పెద్దక్క గాలి సిలిండర్ సెట్టు ఒకటి తగిలించుకుని, పరిగెత్తుకొచ్చిన పిల్లి చేతిలో రెండోది పెట్టింది. "నీకెలా తెలుసన్నది తర్వాత. తగిలించుకో. ఒంటరిగా ఎవరూ వెళ్ళరు."

లోపల చెయ్యి చాపితే చెయ్యి కనిపించడం లేదు. గోడ పట్టుకుని నడిచారు. బాబాయ్ వాల్వు దగ్గరే దొరికాడు. మాస్కు సరిగ్గానే ఉంది. చక్రాన్ని అతను సగం పైగా తిప్పేశాడు. మిగతా సగం బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి బలమంతా వేశారు. సిలిండర్‌లో గాలి అయిపోవస్తోందని పిల్లి వీపు మీద ఈల మోగడం మొదలైంది. పెద్దక్క వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపింది. అతను కదల్లేదు. ఈల సన్నబడుతుండగా చక్రం కిర్రుమంటూ చివరి చుట్టు తిరిగింది. కారుతున్న గ్యాస్ బుస్సుమనడం ఆగిపోయింది.

పచ్చని పొగ కాలనీ గోడ దాకా వచ్చి, అక్కడ పలచబడి విరిగిపోయింది. గోడ అవతల ఒక్క ప్రాణం కూడా పోలేదు. తడిసి ముద్దైన మేడమ్ నోరు విప్పింది, సరిహద్దు దాటబోతూ డాక్టర్ దొరికిపోయాడు. బాబాయ్ మాత్రం ఆసుపత్రి గుమ్మం దాటకుండానే కన్నుమూశాడు.

ఆసుపత్రి వరండాలో పెద్దక్క పిల్లి పక్కన కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న."

"ఇవాళ ఆయనతో కలిసి తిన్నావు."

"తిన్నాను."

ఆవిడ తిట్టలేదు. తిడితే బావుండునని పిల్లి మనసారా అనుకున్నాడు. "నా తప్పూ ఉంది," అంది ఆవిడ. "సీలు చూసి నమ్మాను. ఒక్కటైనా తీసి చూడాల్సింది. అది నేను చచ్చేదాకా మోస్తాను. కానీ నాకు తెలియక జరిగింది."

అప్పుడే చీఫ్ వచ్చాడు. పని అయిపోయిన సంతోషం ముఖంలో దాగడం లేదు. "అమ్మా, ఇదంతా అత్యంత రహస్యం. ఇతనెవరో, ఏం చేశాడో మీ రిపోర్టులో ఎక్కడా ఉండకూడదు. ఆ ఫిట్టర్ అజాగ్రత్త వల్ల చనిపోయాడని రాసుకోండి."

పెద్దక్క లేచి నిలబడింది.

"రాయనండి. మా దగ్గరొక పద్ధతుంది. గేటు దాటి లోపలికొచ్చే ప్రతి డ్రమ్ము మీదా అందులో ఏముందో, ముట్టుకుంటే ఏమవుతుందో, పంపిందెవరో రాసుండాలి. అవేమీ లేని సరుకుని మేం దింపుకోము. మీరు ఇతన్ని ఏమీ రాయకుండా పంపారు. ఇప్పుడు చెప్పండి, ఇతని మీద ఏమని రాయమంటారు?"

చీఫ్ నోరు తెరిచేలోపే పిల్లి అందుకున్నాడు. శాఖలో చేరిన నాటి నుంచీ అతను ఆ పని చేయలేదు.

"పుర్రె గుర్తు వెయ్యండి పెద్దక్కా," అన్నాడు. "కింద పంపినవాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో రాయండి. సార్ స్పెల్లింగ్ చెబుతారు."