సైకిల్ దిగితే మీరు

"పక్కకి జరుగు! జరుగు!"

ఫోస్కా జరగలేదు. చేతిలో ద్రాక్ష కత్తెరతో తెల్ల కంకర దారి మధ్యలో అలాగే నిలబడింది. కొండ మీంచి దూసుకొస్తున్న సైకిల్ ఆఖరి క్షణంలో పక్కకి తిరిగి, దుమ్ము రేపుకుంటూ ద్రాక్ష వరుసలోకి వెళ్ళి పడింది.

"దారికి గొలుసు కట్టి ఉంది. కనబడలేదా?"

"కనబడింది. సైకిలెత్తి దాటాను," అన్నాడతను లేస్తూ. "నీకు దెబ్బేం తగల్లేదు కదా?"

"నీకేమిటి? మీకు అనండి. మనమేం కలిసి చదువుకోలేదు."

"మీకు దెబ్బ తగల్లేదు కదా?"

"నాకు కాదు, పళ్ళకి తగిలింది. కోతల ముందు గుత్తుల మీద ఇంత దుమ్ము! మీరు తుడుస్తారా?"

అతను జేబులోంచి రుమాలు తీసి, నిజంగానే ఒక్కో గుత్తీ తుడవడం మొదలుపెట్టాడు. ఫోస్కాకి నవ్వొచ్చింది. వచ్చినందుకు కోపమూ వచ్చింది. నవ్వించాలని ఇంత కష్టపడే మనిషికి మన దగ్గర ఏదో కావాలి, అనుకుంది.

ఏం కావాలో ఆ మధ్యాహ్నమే తెలిసింది. అతని పేరు నేరి. కింద ఊళ్ళో సైకిళ్ళ షాపు. అక్టోబరులో ఇటలీలోని ఆ కియాంతీ కొండల మీదుగా కంకర దారుల్లో పెద్ద సైకిల్ యాత్ర పెడుతున్నాడు. ఎవరి కిందా కాకుండా తన పేరుతో పెడుతున్న మొదటి యాత్ర. గుట్ట మీది చర్చి నుంచి పాత పిండిమర దాకా దారులన్నీ కుదిరాయి. మధ్యలో వీళ్ళ తోట దారి ఒక్కటే మిగిలింది.

ఫోస్కా తండ్రి ఓరెస్తే తుంటికి ఆపరేషన్ అయి కుర్చీలో ఉన్నాడు. "తోట చూసేది మా అమ్మాయి. ఆమె సరేనంటే అనుమతి కాగితం మీద సంతకం పెడతాను," అన్నాడు. తర్వాత కూతురితో, "వెంట వెళ్ళి దుమ్ము ఎంత లేస్తుందో చూడమ్మా. అబ్బాయి ఎలాంటివాడో కూడా చూడు," అన్నాడు.

"చూడక్కర్లేదు నాన్నా. తియ్యగా మాట్లాడుతున్నాడంటేనే తెలుస్తోంది."

అయినా వెళ్ళింది, వాళ్ళమ్మ పాత సైకిలేసుకుని.

మొదటి మలుపులోనే నేరి వెనక్కి తిరిగి, "గేరు మార్చు! నువ్వు మోకాళ్ళతో కాదు, పళ్ళతో తొక్కుతున్నావు!" అని అరిచాడు.

నువ్వు! ఫోస్కా నోరు తెరిచింది. ఆయాసంలో మాట రాలేదు.

పైకి చేరి దిగగానే, "మీకు నీళ్ళు కావాలా?" అన్నాడు అదే మనిషి, ఎంతో మర్యాదగా.

దుమ్ము చూసే వంకతో ఇద్దరూ రోజూ వెళ్ళారు. రోజూ ఇదే వరస. సైకిల్ మీద నువ్వు, దిగితే మీరు. ఫోస్కా రాత్రంతా ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసేది. ఇందులో అసలు మనిషి ఏ మాటలో ఉన్నాడు? నేల మీద ఉన్నవాడు సంతకం కోసం వచ్చిన వ్యాపారి. సైకిల్ మీద ఉన్నవాడు ఒళ్ళు మరిచి, తనకి తెలియకుండానే నిజం చెప్పేస్తున్నాడు. అలా అనుకుంటే బాగుంది. బాగుంది కాబట్టే నమ్మబుద్ధి కాలేదు.

కానీ అప్పట్నుంచి ఎంత నిటారు ఎత్తు వచ్చినా సైకిల్ దిగడం మానేసింది.

"దిగి నడువు, పర్లేదు," అనేవాడు నేరి.

"దిగను!" అనేది రొప్పుతూ.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తి పనిముట్ల షెడ్డులో దూరారు. రేకుల మీద చినుకులు, ఆలివ్ కొమ్మల్లో గాలి. కోతల ముందు వాన ఏ తోటవాళ్ళకీ మంచిది కాదు. ఆ సాయంత్రం మాత్రం ఫోస్కాకి అది ఆగకూడదనిపించింది. అలా అనిపించినందుకు తన మీదే అనుమానం కలిగింది.

"ఒకటి చెప్పనా?" అన్నాడు నేరి బయటికి చూస్తూ. "ఈ దారంటే నాకు పిచ్చి అనుకునేవాణ్ణి. నిన్న మీరు రాలేదు. సగం దూరం వెళ్ళి వెనక్కొచ్చేశాను."

మీరు. నేల మీద నిలబడి చెప్పిన మాట. అంటే వ్యాపారి మాట.

"సంతకం ఇంకా పెట్టలేదు. గుర్తుంచుకోండి," అంది ఫోస్కా.

వాన వెలిసేదాకా ఇద్దరూ వానే చూశారు.

ఆదివారం ఊళ్ళో ఇల్దా నడిపే కాఫీ కొట్టు ముందు ఫోస్కా నిలబడి ఉండగా సైకిళ్ళ గుంపు బయల్దేరింది. అందరికన్నా ముందు తెల్లజుట్టు డాక్టరు గారు, వెనక కేకలు పెడుతూ నేరి. "డాక్టర్! నువ్వు వెనక్కి రా, గాలి ఎదురు కొడుతోంది! ఫాదర్, నువ్వు ముందుకెళ్ళు!"

ఫోస్కా కప్పు దించింది. "డాక్టరు గారిని నువ్వంటున్నాడేమిటి? చర్చి ఫాదర్ని కూడా?"

ఇల్దా నవ్వింది. "సైకిలెక్కితే అందరూ నువ్వేనమ్మా. బిషప్పొచ్చినా అంతే. ఆయాసంలో మర్యాదలెక్కడివి? దిగారంటే మళ్ళీ డాక్టరు గారే. నీకు తెలీదూ?"

తెలీదు. ఆ నువ్వు తనది కాదు. ఎదురుగాలికీ, ఎత్తుకీ, దారిన పోయే ప్రతి చక్రానికీ ఇచ్చే నువ్వు. దాని కోసం తను గుండె పగిలేలా తొక్కింది. మోకాళ్ళింకా నొప్పులు. అదే తన సొంతం కాకపోతే ఇక రుమాలూ, నీళ్ళూ, షెడ్డులో మాటా ఏం మిగిలాయి?

ఇంటికొచ్చి, "దారి ఇవ్వొద్దు నాన్నా," అంది.

"దుమ్ము వల్లా?"

"దుమ్ము వల్లే."

ఓరెస్తే కూతురి ముఖంలోకి చూశాడు. ఆమె నేరికి ఫోన్‌లో ఒక్క ముక్క పంపింది: కుదరదు.

నేరి రాలేదు. మర్నాడూ రాలేదు. చూశావా, దారి లేదనగానే మనిషీ లేడు, అని ఫోస్కా తనకి తానే చెప్పుకుంది. తను అనుకున్నదే నిజమైనందుకు కాస్తయినా తృప్తి కలుగుతుందనుకుంది. కలగలేదు.

కోతలు మొదలైన రోజు పొద్దున వరుసల నిండా కూలీలు. ఓరెస్తే కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. అప్పుడొచ్చాడు నేరి, గడ్డం మాసి, మోకాళ్ళ దాకా బురదతో.

"కుదరదు అని ఒక్క ముక్క పంపిస్తావా? మనిషికి ముఖం చూసి చెప్పేంత ధైర్యం లేదా నీకు?"

"దారి గురించైతే..."

"దారి దొరికింది! అడవి వైపు నుంచి. ఇన్నాళ్ళూ దాని కోసమే తిరిగాను. అంతా బురద. నన్ను తిట్టుకుంటూ తొక్కుతారు, తొక్కనీ. నీ దారి నువ్వే ఉంచుకో. షెడ్డులో నేనొక మాటన్నాను. నువ్వు సంతకం అన్నావు. అప్పుడు నేను సంతకం అడిగానా? నీ బుర్రలో అనుమానం తప్ప ఇంకేం లేదా?"

ఫోస్కా అతని కాళ్ళకేసి చూసింది. "సైకిలేది?"

"ఏం సైకిలు?"

"నీ సైకిలు."

"షాపులో ఉంది. నడిచొచ్చాను. మాట మార్చకు!"

"డాక్టరు గారు సైకిల్ దిగాక ఆయన్ని ఏమంటావు?"

"మీరంటాను. అందరూ అంటారు. ఎందుకూ?"

"మరి ఇప్పుడు నన్నేమంటున్నావు?"

నేరి ఒక్క క్షణం మనసులోనే వెనక్కెళ్ళి తన మాటలన్నీ వెతుక్కున్నాడు. కోపం దిగిపోయి చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో... చూసుకోలేదు. క్షమించండి."

"చంపేస్తాను," అంది ఫోస్కా, "ఇంకోసారి మీరు అన్నావంటే."

అతను నమ్మలేనట్టు చూశాడు. ఈసారి అనుమానం అతని వంతయింది.

గట్టు మీంచి ఓరెస్తే కేకేశాడు. "దారి కుదరదని చెప్పాం కదమ్మా! మళ్ళీ దేని కోసం వచ్చాడు?"

ఫోస్కా నెపం కోసం వెతికింది. పళ్ళ మీద పెట్టాలా, వాన మీద పెట్టాలా?

"నా కోసం, నాన్నా!"

వరుసల్లో కత్తెరల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఓరెస్తే కర్ర మీద గడ్డం ఆనించి, ఆ బురద కాళ్ళ మనిషిని తాపీగా పైనుంచి కిందిదాకా చూశాడు.

"అయితే ఊరికే నిలబెట్టావేం?" అన్నాడు. "బుట్ట ఇవ్వు."