ఒక్క తట్టుకి మంట

తిరుమంగళానికి పడమటగా, ఎద్దులబండిలో పూటంతా పోతే, గోపాలరాజు వాళ్ళ ఇల్లు. కుంఫిణీవాళ్ళు కొలతగొలుసులు పట్టుకొని ఊరూరూ తిరుగుతా ఉండిన కాలంలో జరిగిందిది. ఆ ఇంట్లో చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేనిది ఒకటుంది. ఈతతొట్టి. పెరటివైపు, పెంకుల కప్పు కింద, నాలుగు గోడల మధ్య. ఇరవై అడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, ఆడమనిషికి గుండెలోతు. ఇంటి ఆడవాళ్ళు బయటి బావుల్లో దిగకూడదు, అట్లని ఈత రాకుండానూ ఉండకూడదు అని గోపాలరాజు తాత కట్టించాడు. ఆలోచన మంచిదే. అయితే నీళ్ళేమో పాతాళం లాంటి బావిలోంచి ఎద్దులు లాగే కవలమోటతో తోడినవి, ఎండపొడ తగలనివి. ఎండాకాలంలో దిగినా పళ్ళు టకటకా కొట్టుకునేవి.

ఆ ఇంటి పెత్తనం గోపాలరాజు అక్క సీతమ్మాళ్‌ది. చిన్నప్పుడే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. గోపాలరాజు భార్య కాన్పులోనే పోతే, పుట్టిన ఆడబిడ్డను ఎత్తుకొని పెంచింది కూడా ఆమే. ఆ పిల్ల పేరు నాచ్చియార్. పదకొండేళ్ళు. వానలకి ముందొచ్చే పురట్టాసి నెలలో విషజ్వరం వచ్చింది. జ్వరమైతే దిగింది గానీ, దిగతా దిగతా పిల్ల కాళ్ళు రెండూ పట్టుకొని పోయింది.

పళని నుంచి వైద్యుణ్ణి పిలిపించారు. ఆయన పిల్ల కాళ్ళు నిమిరి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఒక మండలం రోజులు గోరువెచ్చటి నీళ్ళలో, గుండెలోతున నిలబెట్టాల తల్లీ. బరువు నీళ్ళే మోస్తాయి, కాళ్ళు మెల్లగా నేర్చుకుంటాయి. చల్లనీళ్ళలో మాత్రం దించొద్దు, ఉన్న నరం కూడా చచ్చిపోతుంది. సంక్రాంతికి తై నెల పుట్టేలోపల నిలబడిందా, నిలబడినట్టు. లేదా... అంతే."

ఇక చూస్కోండి, తొట్టి నీళ్ళు కాచడమే ఆ ఇంటికి పెద్ద పనైపోయింది. మొదట అండాల్లో కాచి పోశారు. పదహారుమంది ఆడవాళ్ళు వరసగా నిలబడి మోసినా, నలభయ్యో బిందె వచ్చేసరికి మొదటి బిందె చల్లారిపోయేది. తర్వాత రాళ్ళు ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశారు. అవి ఢాం ఢామని పగిలి, ఒక పెచ్చు వచ్చి సీతమ్మాళ్ మోచేతిలో దిగింది.

"మదురైలో కుంఫిణీ దొరకి ఇనుప పొయ్యి ఉందంట అక్కా. నిప్పుతో సహా నీళ్ళలోకే దించేస్తారంట," అన్నాడు గోపాలరాజు.

"ఆ దొర తొట్టిలో దొర ఒక్కడే పడతాడు, అదీ ముడుచుకుంటే. మన తొట్టికి అట్లాంటివి ఇరవై కావాల. ఓడలో వచ్చేసరికి నీ కూతురికి పెళ్ళీడు దాటిపోతుంది," అంది సీతమ్మాళ్. "చిన్నమనూరులో బెల్లం పొయ్యిలు కట్టే మాయాండి ఉన్నాడు కదా, వాణ్ణి పిలిపించు."

మాయాండి వచ్చాడు. ఎండిన చింతబరికెలాంటి మనిషి. తమిళం తప్ప ఇంకో మాట రాదు. తొట్టి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఉపాయం చెప్పాడు. గోడకి అవతల బెల్లం పొయ్యి లాంటిది కట్టాలి. దాని మీద మూతపెట్టిన పెద్ద రాగికాగు. కాగు నుంచి గోడలోకి రెండు రాగి గొట్టాలు. తొట్టి అడుగునుండే గొట్టంలో చల్లనీళ్ళు కాగులోకి పోతాయి, కాగి తేలికై మీది గొట్టంలో తొట్టిలోకి వస్తాయి. నీళ్ళ అంచుకి జానెడు కింద మీది గొట్టం నోరు. ఎవరూ మోయక్కర్లేదు. అడుగు గొట్టం నాలుగు వేళ్ళ వెడల్పు మాత్రమే. అది గుర్తుంచుకోండి.

అందరికీ నచ్చింది. గోడ తవ్వడం మొదలుపెట్టారు.

రెండు గడ్డపార పోట్లకే సున్నం ఊడి పడింది. దాని వెనకాల... ముందే ఒక కంత ఉంది. ఇటుకలతో మూసేసిన కంత. ఇటుకలు తీస్తే లోపలంతా మసి.

"ఇంతకుముందే ఎవరో గొట్టం పెట్టినట్టుందే?" అన్నాడు గోపాలరాజు.

పాత పనిమనిషి కుప్పమ్మాళ్ చేతిలో చేట కింద పడేసింది. సీతమ్మాళ్‌ని వంటింటి మూలకి లాక్కుపోయి గుసగుసగా చెప్పింది.

"చిన్నమ్మా, మీ తాత తమ్ముడి భార్య వేంకటలక్ష్మి. కొత్తకోడలు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆమె చలికి తట్టుకోలేదని అప్పుడూ ఇట్లే కాగు పెట్టినారు. బయట మంట వేసేవాడికి మన తెలుగు మాట రాదు. లోపల్నించి ఆమె అరిచింది... సూడు, సూడు అని."

సీతమ్మాళ్‌కి అర్థమైంది. మనవాళ్ళ నోట్లో 'చూడు' అనేది 'సూడు' అనే పలుకుతుంది కదా. తమిళంలో సూడు అంటే వేడి.

"వాడు వేడి చాల్లేదంటా ఉందనుకొని కట్టెలు తోసినాడు. ఆమె ఇంకా అరిచింది. వాడు ఇంకా తోసినాడు. మొగవాడు లోపలికి తొంగి చూడకూడదు కదమ్మా. తలుపు పగలగొట్టేసరికి..." కుప్పమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది. "వద్దు చిన్నమ్మా. ఆ కంత మూసేయించు."

సీతమ్మాళ్ ఆ రాత్రంతా ఆలోచించింది. మూసేస్తే పిల్ల కాళ్ళు? చివరికి ఆమెకి తోచింది ఇదీ. తప్పు కంతది కాదు, మాటది. మాటే లేకుండా చేస్తే పోలా?

పొయ్యి, గొట్టాలు పెట్టడం పూర్తవగానే మాయాండిని గోడ అవతల నిలబెట్టి తమిళంలో చెప్పింది. "నోటిమాట వద్దు. ఇత్తడి గరిటెతో గొట్టం మీద కొడతా. ఒక తట్టుకి మంట పెంచు. రెండు తట్లకి ఆపు. ఏం వినబడినా సరే, తట్టే లెక్క. తెలిసిందా?"

"సరి, తాయీ."

తొమ్మిది రోజులు ఎంత బాగా జరిగిందంటారా! సాయంత్రం దీపాల వేళకి ముందు తొట్టిలో దిగేవాళ్ళు. సీతమ్మాళ్ మెట్ల మీద నిలబడి పిల్లని చంకల కింద పట్టుకునేది. నీళ్ళు తల్లి ఒడిలాగా ఉండేవి. టంగ్ అని ఒకసారి కొడితే వెచ్చదనం పెరిగేది. టంగ్ టంగ్ అని కొడితే నిలిచేది. తొమ్మిదో రోజు నాచ్చియార్ ఎడమకాలి బొటనవేలు కదిలింది.

"అత్తా, అది నేనేనా కదిపింది?"

"ఇంకెవరే, మీ నాయనా?" అని నవ్వతా ఏడ్చేసింది సీతమ్మాళ్.

పదో రోజు. ఐప్పసి నెల వాన. మధ్యాహ్నం నుంచీ ఆగకుండా పెంకుల మీద పడతా ఉంది. నాలుగు గోడల మధ్య ఇంకా పొద్దు ఉండగానే చీకటైపోయింది. గూట్లో ఒక ఆముదం దీపం. తడిరాయి వాసన, పాచి వాసన, రాగి చిలుము వాసన. గోడ కిందనుంచి పొగ సన్నగా పాకతా వస్తా ఉంది. ఎప్పటిలాగే సీతమ్మాళ్ లోపలినుంచి తలుపు గడియ పెట్టింది. పిల్లని ఎత్తుకొని నీళ్ళలోకి దిగింది.

"బాగుందా?"

"బాగుంది అత్తా."

టంగ్.

సీతమ్మాళ్ తల తిప్పింది. గరిటె మూడో మెట్టు మీద ఉంది. పొడిగా. ఆమె పెట్టినచోటే.

వాన చుక్కేదో గొట్టం మీద పడి ఉంటుందిలే అనుకుంది.

టంగ్.

గోడ అవతల కట్టెలు తోసిన చప్పుడు. మంట గుప్పుమంది. మీది గొట్టం నోట్లోంచి వేడినీళ్ళు బుసబుసా వచ్చాయి. సీతమ్మాళ్ గబగబా గరిటె అందుకొని రెండుసార్లు కొట్టింది. టంగ్ టంగ్. అవతల చప్పుడు ఆగింది.

ఒక క్షణం. రెండు క్షణాలు.

టంగ్.

మళ్ళీ కట్టెలు.

"మాయాండీ! వద్దు! వద్దురా!" అని అరిచింది. వాన ఆ కేకని మింగేసింది. అయినా ఆమే కదా చెప్పింది, ఏం వినబడినా తట్టే లెక్కని.

అప్పుడు వినబడింది... మీది గొట్టం దగ్గర, ఆవిరిలో, చెవికి బెత్తెడు దూరంలో... తడి గొంతు.

"సూడు..."

సీతమ్మాళ్ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"అత్తా," అంది నాచ్చియార్ మెల్లిగా. "ఎవరో సూడమంటా ఉన్నారు."

"చూడొద్దు. కళ్ళు మూసుకో. గట్టిగా మూసుకో."

"సూడు... సూడు..."

మంట కావాలని అడగతా ఉంది అనుకుంది సీతమ్మాళ్. తను కాలిపోయినట్టే మమ్మల్నీ కాల్చాలని అడగతా ఉంది. పిల్లని భుజాన వేసుకొని మెట్టెక్కబోయింది. పిల్ల రాలేదు. ఎప్పుడూ దూదిమూటలాగా ఎత్తే పిల్ల... ఇప్పుడు రాయిలాగా ఉంది. కిందినుంచి ఎవరో పట్టి ఉన్నట్టు.

గుండెల దగ్గర నీళ్ళు ఉడికిపోతా ఉన్నాయి. ఒళ్ళు ఎర్రబడింది. కాళ్ళ దగ్గర మాత్రం... మంచులాగా ఉంది.

టంగ్.

ఆ చప్పుడు పైనుంచి రాలేదు. ఇప్పుడు తెలిసింది. అడుగునుంచి వచ్చింది. నీళ్ళ లోపల్నించి.

అదే క్షణంలో ఇంకోటి కూడా తెలిసింది. ఆ కొత్తకోడలు మన పిల్ల. మన మాటే అరిచింది. వేడి అని అరవలేదు. చూడమని అరిచింది. యాభై ఏళ్ళుగా అందరూ మంట గురించే మాట్లాడారు. ఒక్కరు కూడా అడగలేదే... ఏం చూడమంటా ఉంది అని.

"సూడు..." అంది గొంతు. బతిమాలతా ఉన్నట్టు.

సీతమ్మాళ్ చూసింది.

నీళ్ళ అడుగున, దీపం వెలుగు అందీ అందని చోట, అడుగు గొట్టం నోట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు గొట్టంలోంచి... మోచేతి దాకా. ఉడికిన తెలుపు. ఆ చెయ్యి నాచ్చియార్ కుడిచీలమండ చుట్టూ చుట్టుకొని ఉంది. దాని పక్కన ఇంకో వేలు... ఒక్కటే... గొట్టం అంచు మీద తీరిగ్గా లేచింది. పడింది.

టంగ్.

ఆ కొత్తకోడల్ని పట్టి ఉంచింది కూడా ఇదే, ఆమె చూడమన్నది దీన్నే. పిల్ల కూడా కళ్ళు తెరిచింది. కిందికి చూసింది. అరవలేదు. పళ్ళు బిగబట్టి... తన్నింది. రెండు కాళ్ళతో. నెలరోజులుగా కదలని కాళ్ళతో, ఒకసారి, రెండోసారి, మూడోసారి.

పట్టు వదిలింది.

మెట్ల మీద పడ్డారిద్దరూ. సీతమ్మాళ్ మోకాళ్ళ మీద పాక్కుంటా గడియ తీసేసరికి, నాచ్చియార్ ఆమెని దాటుకొని వెళ్ళింది. నడిచి.

గోపాలరాజు దీపం పట్టుకొని పరిగెత్తుకొచ్చాడు. తొట్టిలో ఏమీ లేదు. ఆవిరి, అంతే. మాయాండి పొయ్యి మీది పందిట్లో కూర్చొని ఉన్నాడు. పొయ్యిలోంచి లాగేసిన కట్టెలు వానలో పొగలు కక్కతా ఉన్నాయి.

"ఒక్కొక్క తట్టే వచ్చింది తాయీ, అందుకే వేసినా," అన్నాడు తమిళంలో. "మీరొచ్చి నా చెవి దగ్గర 'పోదుం, పోదుం' అని మూడుసార్లు చెప్పినాకే లాగేసినా."

పోదుం అంటే తమిళంలో చాలు అని. సీతమ్మాళ్ గడియ తీసి బయటికొచ్చింది ఆ తర్వాతే. ఆ వేళంతా ఆమె నోట్లోంచి తమిళం మాట ఒక్కటీ రాలేదు.

ఆమె గోడ వైపు తిరిగి చేతులు జోడించింది. యాభై ఏళ్ళకి సరైన మాట నేర్చుకుంది, వేంకటలక్ష్మి తల్లి.

తొట్టి ఎండగట్టారు. కంత మూసేశారు. గొట్టాలని నడిబావిలో పారేయమని సీతమ్మాళ్ చెప్పింది. గోపాలరాజు తల ఊపాడు. తై నెల పుట్టింది. నాచ్చియార్ పెరట్లో లేగదూడలాగా తిరగతా ఉంది. చూసినవాళ్ళంతా వైద్యుడి చేతివాసి అన్నారు.

ఒక సాయంత్రం సీతమ్మాళ్ స్నానాలగది పక్కనుంచి పోతా ఆగింది. తలుపు సందులోంచి పొయ్యి మీద కొత్త కొప్పెర కనబడింది. ఎర్రగా మెరిసిపోతా ఉంది.

"ఇదెక్కడిది తమ్ముడూ?"

"ఇంటి రాగి ఇల్లు దాటకూడదు కదా అక్కా," అన్నాడు గోపాలరాజు తల గోక్కుంటా. "ఆ గొట్టాల్నే కరిగించి పోయించినా. వారమైంది."

సీతమ్మాళ్ పరుగున లోపలికి వెళ్ళింది. పొయ్యి ముందు నాచ్చియార్ కూర్చొని ఉంది. కొప్పెరలో నీళ్ళు అప్పటికే కుతకుతా ఉడకతా ఉన్నాయి. అయినా పిల్ల ఇంకో కట్టె తీసుకొని మంటలోకి తోసింది.

"చాలు కదే! ఎవరు వేయమన్నారే?"

నాచ్చియార్ తల ఎత్తింది. ఆ ప్రశ్నే వింతగా ఉన్నట్టు చూసింది.

"ఒక్కసారే తట్టింది కదా అత్తా."