ఇరవై రెండు వేలిముద్రలు

సాలూరు మెయిన్‌రోడ్డులో టైర్ల షాపు మీది గదిలోకి హేమలత రొప్పుతూ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిలోని కాగితాలన్నీ బల్ల మీద బోర్లించింది.

"రేపు మా ఊల్లో ప్రజావేదికమ్మా. నాను రాసిన కాయితాలు ఇవి కావు. నా రాతలాగే రాసి ఎవులో మార్సీసినారు."

డిటెక్టివ్ తవిటమ్మ కళ్లజోడు సవరించుకుంది. ఇరవై ఏళ్లు లారీ ఆఫీసులో సరుకు బుక్ చేసి, మాయమైన మూట ఎక్కడ తేలుతుందో వాసన పట్టడం నేర్చుకున్న మనిషి ఆవిడ. పక్కన నిలబడ్డ అసిస్టెంటు సింహాచలం ఒకప్పటి లారీ డ్రైవరు. ఆవిడ మాటంటే అతనికి వేదం.

ప్రభుత్వం చేయించానన్న పని నిజంగా జరిగిందో లేదో ఇంటింటికీ తిరిగి రాసే సామాజిక తనిఖీ ఉద్యోగం హేమలతది. ఆ రాతలు ఊరందరి ముందూ చదివి ఖాయం చేసే సభే ప్రజావేదిక. కొండ మీది ఆమె సొంత ఊరు బొండుగుడకు ఊటనీళ్లు గొట్టాల్లో తెచ్చామని రికార్డుల్లో ఉంది. నిజానికి కొళాయిలున్నాయి గానీ వాటిలో చుక్క నీరు లేదు. ఇరవై రెండు ఇళ్లవాళ్లూ ఆ మాటే చెప్పి వేలిముద్రలు వేశారు. ఇప్పుడు బల్ల మీదున్న ఇరవై రెండు కాగితాలూ నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయంటున్నాయి.

"రేపు ఇవే సదివితే మా ఊరికి నీల్లొచ్చీసినట్టే. మరింకెప్పుడూ ఇవ్వరు. మా చిన్నమ్మి అత్త నిరుడు బిందెతో లోయలో జారి తుంటి ఇరగ్గొట్టుకుందమ్మా. మాకు రావట్లేదని ఊరోల్లు అరిసినా, ఏలిముద్రేసి మాట మార్సినారంటారు."

"కాయితాలెక్కడుండేవి?"

"మూడ్రోజులు పంచాయతీ ఆఫీసు బీరువాలో. ముగ్గురి కాడ తాళాలున్నాయి."

ఒకడు ఇంజనీరు వెంకటరావు, పదిహేనేళ్లుగా ఈ కొండల్లోనే ఉద్యోగం. రెండోవాడు కార్యదర్శి రవిబాబు, పక్క కొండవాడే. మూడో మనిషి తనిఖీ బృందం పెద్ద కమల, నెల కిందటే వైజాగ్ నుంచి వచ్చింది.

"మేడమ్ మంచోరమ్మా. ఉన్నదున్నట్టు రాయమని మాకు నేర్పింది ఆవిడే," అంది హేమలత.

తవిటమ్మ భూతద్దం తీసింది. "సింహాచలం, ఒకటీ, పదకొండూ, ఇరవయ్యొకటీ పక్కపక్కన పెట్టు."

పెట్టి చూసి సింహాచలం నోరు తెరిచాడు. మూడింటి మీదా ఒకే ముద్ర ఉంది, దానికి అడ్డంగా ఒకే మచ్చ. రెండోదీ పన్నెండోదీ కూడా కలిశాయి.

"ఒక్క మనిషే పది వేళ్లూ వరసగా నొక్కీసినారు," అంది తవిటమ్మ.

"అయితే ఆ ముగ్గురి ముద్రలూ తీసీసుకుందాం!"

"మనమేటి, పోలీసులమా? ఎవరి సెయ్యి పట్టుకోవాలో ముందు తెలియాల." తొమ్మిదో కాగితం పైకి చదివింది. "'ఈ రోజు కొళాయి నీళ్లతో కొత్త కందికాయలు కడిగి ఉడకబెట్టుకున్నాం.' హేమలతా, మీ ఊల్లో కంది కొత్త అయిందేటి?"

"లేదమ్మా, వచ్చే మంగళవారం."

ఇంత గొడవలో పండగ సంగతి ఎందుకో సింహాచలానికి బోధపడలేదు. అతని అనుమానమంతా ఇంజనీరు మీదే.

మర్నాడు బొండుగుడ బడి ముందు రేకుల షెడ్డులో ఊరంతా కూర్చుంది. విచారణ అధికారి ఇంకా టీ తాగుతున్నాడు. తవిటమ్మ ఊరిపెద్ద సోంబరు చెవిలో ఏదో చెప్పి, సాలూరు బజారులో కొనుక్కొచ్చిన ఉడికించిన కందికాయల పళ్లెం ఆ ముగ్గురి ముందూ పెట్టించింది. రవిబాబు ముఖం తిప్పుకున్నాడు.

"బాబోయ్, నాకొద్దు," అన్నాడు వెంకటరావు. "ఓపాలి తిని ఊరికి కోడిని దండగ కట్టీనాను."

కమల మాత్రం కబుర్లు చెబుతూ బొటనవేళ్లతో నాలుగు కాయలు ఒలుచుకు తింది. ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. తవిటమ్మ లేచి నిలబడింది.

"కంది కొత్త పండగ చేసి దేవతకి పెట్టందే ఈ ఊల్లో ఎవరూ కొత్త కంది నోట పెట్టరు. పండగ వచ్చే మంగళవారం. మరి పోయినవారమే కొత్త కందికాయలు ఉడకబెట్టుకున్నామని ఈ కాయితంలో ఎవరు సెప్పినట్టు? ఊరి మనిషి సెప్పదు. ఊరి సంగతి తెలిసిన ఈ ఇద్దరూ రాయరు. తెలీని మనిషే, నిజంలా ఉంటుందని ముచ్చటపడి రాసింది."

"ఆచారం తెలియకపోవడం నేరమా?" అంది కమల.

"కాదమ్మా. మీ కుడి బొటనవేలికి అడ్డంగా మచ్చుంది. కాయలు ఒలుస్తుంటే సూసినాను. ఆ మచ్చే మూడు కాయితాల మీదుంది. ఓసారి వేలు పక్కన పెట్టి సూపిస్తారా?"

కమల బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. "నా పాప వైజాగ్‌లో ఉంది. ఇక్కడ తప్పు బయటపడకుండా చూస్తే బదిలీ చేయిస్తామన్నారు."

"ఎవరు?"

"పైవాళ్లు."

హేమలత భోరుమంది. ఉన్నదున్నట్టు రాయమని తనకు నేర్పిన మనిషి! సింహాచలానికి ఒళ్లు మండిపోయింది. ఇంజనీరును ఊరికే అనుమానించానని సిగ్గూ వేసింది. అంతలో అధికారి వైపు చూస్తే, ఆయన కలం ఆగిపోయి ఉంది.

"ఆ 'పైవాళ్లు' అన్న మాటా రాయండి సార్," అంది తవిటమ్మ. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, అప్పుడు రాశాడు.

ఇరవై రెండు ఇళ్లవాళ్లూ మళ్లీ వరస కట్టారు. నీళ్లు రావడం లేదని చెప్పి వేలిముద్రలు వేశారు. చివర చిన్నమ్మి కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చింది.

"మల్లీ మార్సీస్తేనో?" అని అడిగింది.

"మల్లీ మేమొస్తాం, అత్తా," అంది తవిటమ్మ.

"నువ్వు రావడం కాదమ్మా. నీల్లు రావాల."

ఆ మాట కూడా రాసుకోమందామని తవిటమ్మ హేమలత వైపు తిరిగింది. కళ్లు తుడుచుకుంటూ హేమలత అప్పటికే రాస్తోంది.