తెరవని మూడు మెయిళ్ళు

"నా ప్యాకేజీని తీసేసింది ఎవరండీ?"

గుమ్మంలో నిలబడి అడిగాడతను. గొడుగు మడవడం మరిచిపోయాడు. దాని అంచుల నుంచి కారే నీళ్ళు ప్రింటర్ కాగితాల కట్ట మీద పడుతున్నాయి.

"ముందు ఆ గొడుగు అవతల పెట్టండి. ఏ ప్యాకేజీ?" తెర మీంచి చూపు తిప్పకుండానే అంది కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి.

"గొంతు."

కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. అప్పుడు తలెత్తింది.

ఆ గదిలో తయారయ్యేది ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్. కంప్యూటర్‌కి కావలసిన ప్రోగ్రాములన్నీ విడివిడి ప్యాకేజీలుగా కట్టి, ఏది ఏ వరసలో చేరాలో చూసి, ఆరు నెలలకోసారి కొత్త రిలీజ్‌గా జనానికి ఉచితంగా ఇస్తారు. ఒక్కో ప్యాకేజీని ఒక్కో మనిషి చూసుకుంటారు, చాలామంది ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లోనే. అలాంటి మూడు వేల ప్యాకేజీల జాబితా ఈ అమ్మాయి చేతిలో ఉంటుంది కాబట్టి అందరూ ఆమెని 'లిస్టు' అంటారు. తెర మీది అక్షరాలని పైకి చదివి వినిపించే ప్యాకేజీ అతనిది. అందుకని అతను 'గొంతు'. రెండేళ్ళుగా మెయిళ్ళలో పోట్లాడుకుంటున్నారు. మొహాలు చూసుకోవడం ఇదే మొదటిసారి.

"మీరా!" అంది లిస్టు. "మెయిళ్ళలో ఇంకాస్త పొడుగ్గా ఉండేవారే."

"మీరు మెయిళ్ళలో ఇంకాస్త మంచిగా ఉండేవారు. చెప్పకుండా తీసేస్తారా?"

"చెప్పకుండానా? మూడు మెయిళ్ళు పంపాను. ప్రతి రిలీజ్‌కి ముందూ, ప్యాకేజీని చూసుకునే మనిషి 'ఉన్నాను' అని ఒక్క మాట రాయాలి. నెలలోపు రాయకపోతే అది దిక్కులేని ప్యాకేజీ. తీసేయాలి. ఈ రూలు మీకు తెలీదా?"

"తెలుసు."

"మరి రాయలేదేం?"

అతను గొడుగు మడవడంలో మునిగిపోయాడు. అంతలో జేబులో ఫోన్ మోగింది. ఎత్తీ ఎత్తగానే అమ్మమ్మ గొంతు గదంతా వినిపించింది.

"ఒరేయ్, ఏమయిందిరా? కథలో ఆ పిల్ల రైలెక్కేసింది. వాడు స్టేషన్‌కి వచ్చాడో లేదో తెలీక పొద్దుట్నుంచీ అన్నం సయించట్లేదు. ఈ మాయదారి కంప్యూటర్ నోరు విప్పదు!"

"చూస్తున్నానమ్మమ్మా. ఆ పనిమీదే ఉన్నా."

ఫోన్ పెట్టేసి, "నాలుగేళ్ళ కిందట మా అమ్మమ్మకి చూపు పోయింది," అన్నాడు మెల్లగా. "చదువు ఎవరూ నేర్పలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు కూడబలుక్కుని తనే నేర్చుకుంది. ఇప్పుడు కథలన్నీ నా ప్యాకేజీయే చదివి వినిపిస్తుంది. ఇవాళ ట్రయల్ వెర్షన్ ఎక్కించాను, మూగబోయింది. మా ఇంట్లో అయితే పాతది మళ్ళీ పెట్టుకుంటాం. ఇలాంటి అమ్మమ్మలు ఇంకెంతమంది ఉన్నారో కదా."

లిస్టు గోడ గడియారం చూసింది. నాలుగింటికి పది నిమిషాలుంది. ఐదింటికి ఫ్రీజ్. ఆ తర్వాత జాబితాలో ఏదీ చేరదు.

"ఇటు కుర్చీ లాక్కోండి."

"ఏం లాభం? గొంతు నడవాలంటే శబ్దం పుట్టించే ప్యాకేజీ, ధ్వని లైబ్రరీ, ఉండాలి. గొంతుతో పాటు అదీ పోయుంటుంది. అది మళ్ళీ కట్టాలంటే ఆరు గంటలు."

"పోలేదు. ఉంది."

"అదేంటి? దాన్ని వాడేది నా ఒక్కడి ప్యాకేజీనే కదా?"

"తీయడం మరిచిపోయాను."

పక్క టేబుల్ దగ్గర పెద్దాయన, ఆ గదికంతటికీ మొదటి ఉద్యోగి, గట్టిగా దగ్గాడు. "మరిచిపోయిందట! ఇదెవరికోసమమ్మా అని రోజూ అడుగుతూనే ఉన్నా. ఉండనివ్వండి బాబాయ్, అడ్డమేం లేదుగా, అంటుంది."

"బాబాయ్, మీ టీ చల్లారిపోతోంది," అంది లిస్టు, చెవులు ఎర్రబడుతుంటే.

ప్యాకేజీ మొదటిసారి కట్టడం ఫెయిలైంది. గొంతు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె తెర మీదికి వంగి చూసి, "లైబ్రరీ పాత వెర్షన్ నంబరే రాశారు. కొత్తది రాయండి," అంది. రాశాడు. నాలుగూ ముప్పైకి మళ్ళీ మొదలైంది. ఇంక ఎదురుచూడటమే. కిటికీ అద్దం మీద వాన జారుతోంది.

"ఇప్పుడు చెప్పండి. నా మెయిళ్ళు చూడలేదా?"

"చూశాను. తెరవలేదు."

"ఏం?"

"ఈ రిలీజ్ తర్వాత మీరు ఈ పని మానేస్తున్నారని అందరికీ చెప్పారు కదా. ఆ మర్నాడే మీ మెయిల్. పైన 'ఒక మాట' అని ఉంది." అతను గొడుగు పిడి తిప్పుతున్నాడు. "వెళ్ళొస్తానని రాసుంటారనుకున్నా. తెరవనంతకాలం మీరు వెళ్ళనట్టే కదా అని... అలా ఉంచేశాను."

లిస్టు కుర్చీ అతని వైపు తిప్పింది. "ఇప్పుడు తెరవండి," అంది.

ఫోన్‌లో తెరిచాడు.

'గొంతు గారూ, ఉన్నానని వెంటనే రాయండి. ఇంకో మాట. లిస్టు పని చేసేవాళ్ళు ఏ ప్యాకేజీకీ చూసుకునేవారిగా తమ పేరు పెట్టుకోకూడదు. అందుకే ఈ పని వదిలేస్తున్నాను. మీ ప్యాకేజీకి రెండో మనిషి అక్కరలేదా?'

రెండోది ఒకే వాక్యం. 'వద్దనుకుంటే వద్దనైనా రాయండి.'

మూడోది వారం కిందటిది. 'ప్యాకేజీ సంగతి పక్కన పెట్టండి. మీరు క్షేమమేనా?'

కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తడి చొక్కా కావడంతో అద్దాలు ఇంకా మసకబారాయి. ఆమె నవ్వుతూ టేబుల్ మీది మెత్తటి గుడ్డ అందించింది.

"అయితే మీరు వెళ్ళిపోవట్లేదా?"

"ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి. మీరు కాస్త జరిగి చోటిస్తే."

అతను నిజంగానే కుర్చీతో సహా జరిగాడు. పెద్దాయన మళ్ళీ దగ్గాడు.

నాలుగూ యాభై రెండుకి తెర మీద పచ్చ గీత వెలిగింది. ప్యాకేజీ సిద్ధం.

"ఇంకా రూలు మిగిలుంది," అంది లిస్టు. "రాయండి."

మూడో మెయిల్‌కి జవాబుగా రాశాడు: 'ఉన్నాను.'

ఆమె గొంతుని జాబితాలో దాని పాత చోటనే పెట్టింది. ఆ చోట ఆమె ఇన్నాళ్ళూ ఇంకేదీ పెట్టలేదు. ఐదు కొట్టగానే పెద్దాయన ఫ్రీజ్ బటన్ నొక్కి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. నెలరోజులుగా గుండెల మీదున్న బండ దిగినట్టు లిస్టు వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

పది రోజులకి రిలీజ్ బయటికొచ్చింది. ఆమె ఆ కుర్చీ ఖాళీ చేసింది. గొంతుకి ఆమె చేసిన మొదటి అప్‌డేట్ మర్నాడే వెళ్ళింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని ఉండగా అమ్మమ్మ ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, ఇదివరకు ఆన్ చేయగానే 'చూసుకునేవారు ఒకరు' అని చదివేది. ఇవాళ ఇద్దరంటోంది. ఎవర్రా ఆ రెండో మనిషి?"

అతను పక్కకి తిరిగి ఆమెని చూశాడు. "పక్కనే ఉంది."

"ఆ పిల్లకివ్వు ఫోను." ఇచ్చాడు. "అమ్మాయ్, వీడు ఉత్తరమొస్తే భయపడి దాచుకునే రకం. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా కూచోబెట్టి చెప్పు."

"అలాగే అమ్మమ్మా."

"మా ఇంటికెప్పుడొస్తావు?"

"ఆదివారం వస్తాను. ఇంతకీ మీ కథలో వాడు స్టేషన్‌కి వచ్చాడా అమ్మమ్మా?"

"వచ్చాడే తల్లీ, వానలో తడిసి ముద్దయి మరీ వచ్చాడు. అదృష్టం, రైలింకా కదల్లేదు!"