బొట్టు లేని కార్డు

"కుప్పం స్టేషన్‌లో బాంబుంది. దాన్ని ఆపే స్వరం ఈ ఫ్లాపీలో ఉంది. కానీ బాంబు పెట్టిన ముఠా పుంగనూరులో ఉంచిన పీసీ సౌండ్ కార్డులోంచి పలికితేనే బాంబు వింటుంది. బయలుదేరు."

బ్రీఫింగ్ అంతే. ఏసీ గదిలో కూర్చున్న చీఫ్ మాటలెప్పుడూ పొట్టివే. చచ్చేది వేరేవాడు కదా!

మదనపల్లె టమాటా వ్యాపారి వేషంలో, భుజాన తువ్వాలుతో, ఏజెంట్ గోవిందస్వామి పుంగనూరు కంప్యూటర్ సెంటర్ చేరాడు.

"మండీలో కాయ ఎట్లుండాది?" కోడ్ మాట విసిరాడు.

"బాగా మాగిందన్నా," అంది ప్రీతి. నల్ల కళ్లద్దాలు, వీధంతా ఘుమఘుమలాడే సెంటు. డిపార్ట్‌మెంటు మనిషి.

అలాగే అనుకుని లోపల అడుగు పెట్టాడు. వెనక షట్టర్ దబ్బున పడింది. బయట తాళం చప్పుడు.

"ప్రీతీ! ఏందిది?"

"విదేశాలోళ్లు బాగా ఇస్తారన్నా," సందులోంచి నవ్వింది. "ఆ పీసీలో ఒకే రకం సౌండ్ కార్డు ఇంకోటి దూర్చినా. రెండింటికీ ఒకటే ఐఆర్‌క్యూ, అంటే పీసీని పిలిచే లైను ఒకటే. రెండూ ఉంటే ఏదీ పలకదు. తప్పుది పీకితే ఆడ కుప్పం లేస్తాది. కూసోని ఆలోచించుకో."

కిటికీ కూడా లేని గది. బల్ల మీద ఫోను. నంబరు తిప్పాడు. అవతల కుప్పంలో బాంబుకు రిసీవర్ ఆనించి కూర్చున్న జూనియర్ ఏజెంట్ కీర్తి.

"అన్నా, రైలొస్తాండాది. ప్లాట్‌ఫారం నిండా జనం. యాడుండావు?"

"ఎలక బోనులో. ప్రీతి అమ్ముడుపోయినాదని చీఫ్‌కు చెప్పి నువ్వు లేచి పారిపో తల్లీ."

"నేను పోతే రిసీవర్ ఎవురు పట్టుకుంటారన్నా?"

ఫ్లాపీ పెట్టాడు. స్పీకర్లు మూగ. స్క్రీన్ మీద సౌండ్ కార్డుల పేర్ల పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు. ఒకే మండీలో ఒకే కుప్పకు ఇద్దరు దలారులు ఒకేసారి వేలం వేస్తే ధర తెగుతుందా? ఒకణ్ణి గెంటాల. ఎవణ్ణి?

పవర్ ఆపి, మూత విప్పి, సిగరెట్ లైటర్‌లో దాచిన టార్చి వేశాడు. రెండు కార్డులూ కవలలు. రెండింటికీ ఒకే రంగు వైర్లు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

అప్పుడు కనబడింది. ఫ్యాన్ మీద కుంకుమ. హార్డ్ డిస్క్ మీద కుంకుమ. ఒక కార్డు మీదా కుంకుమ!

ఆయుధపూజ! ముఠాకు సెంటర్ అద్దెకిచ్చిన మునిరత్నం, పాపం, మూత విప్పి మరీ ముక్కముక్కకూ బొట్టు పెట్టినాడు. రెండో కార్డు నొసలు బోడిగా ఉంది. అంటే పండగైనాక వచ్చిన చుట్టం.

కళ్లు మూసుకుని దాన్ని పీకాడు.

"కీర్తీ... ఉండావా?"

"ఉండాను. రైలు కనపడతాండాది. బిరీన కానీ అన్నా!"

పీసీ మూలుగుతూ, నీలుగుతూ లేచింది. పసుపు గుర్తు లేదు. ఫ్లాపీ గరగరలాడింది. స్పీకర్‌లోంచి సన్నటి ఈల. రిసీవర్‌ను దానికి అదిమి పట్టాడు.

ఫోన్‌లో రైలు కూత. తర్వాత కీర్తి ఏడుపో నవ్వో.

"ఎర్ర లైటు ఆరిపోయెనన్నా! ఇంకో మాట. ప్రీతిని పలమనేరు రోడ్డులో పట్టుకున్నారంట. రిపోర్టులో ఆలస్యానికి కారణం ఏం రాయాలని చీఫ్ వైర్‌లెస్‌లో అడగతాండాడు."

"హార్డ్‌వేర్ కాన్‌ఫ్లిక్ట్ అని రాసుకోమను. షట్టర్ తాళంచెవి దొరికిందా?"

"దాన్ని చెరువులోకి విసిరేసిందంటన్నా."

గోవిందస్వామి తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

"అయితే రిపోర్టు నిదానంగానే రాయమను. నేనేం యాడికీ పోను."